అమ్మకూడని కార్డు

"స్టాఫ్ డిస్కౌంటు కార్డు వాడుకున్నవాళ్ళు బిల్లు చూపించండి. వాడుకోనివాళ్ళు కార్డు చూపించండి. రెండూ లేనివాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు. నాలుగింటికి నా గదిలో," అని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు.

మూడో కౌంటరులో బిల్లులు కొట్టే ఆమె దగ్గర బిల్లూ లేదు, కార్డూ లేదు. కొట్లో పనిచేసేవాళ్ళకి ఏడాదికొకసారి ఇచ్చే సగం ధర కార్డు అది. దాని మీద నంబరే తప్ప పేరుండదు. వెనకవైపు మాత్రం 'ఇతరులకు అమ్మరాదు' అని ఎర్రక్షరాల్లో ఉంటుంది. కళ్ళద్దాలు విరిగిన అత్తగారు గోడలు తడుముకుంటూ తిరుగుతుంటే చూడలేక, ఆమె దాన్ని కిందటి వారమే ఆన్‌లైన్‌లో ఒక దళారికి అమ్మేసింది.

"నీది బిల్లా, కార్డా అక్కా?" అంది రెండో కౌంటరు పిల్ల.

"కార్డే. ఇంట్లో ఉంది," అంది ఆమె.

భోజనాల వేళ సామాన్ల గదిలో అట్టపెట్టెల వెనక నక్కి, ఆ దళారికి ఫోను చేసింది.

"అన్నా, నా కార్డు నాకిచ్చెయ్యన్నా. నీ డబ్బులు తిరిగిచ్చేస్తా."

"అది మర్నాడే వెళ్ళిపోయిందమ్మా."

"నా ఉద్యోగం పోతుందన్నా. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

అవతల ఏవో వెతుకుతున్న చప్పుడు. "అలాంటిదే ఇంకొకటుంది. నీకిచ్చినదానికి మూడింతలు."

"మూడింతలా? నీకు అక్కచెల్లెళ్ళు లేరా?"

"ఉన్నారు. వాళ్ళకీ అదే రేటు."

ఇంటద్దెకని దాచిందంతా ఫోనులోనే పంపించేసింది. మూడున్నరకు బైకు మీద ఒకతను వచ్చి, వెనక గేటు దగ్గర కవరు చేతిలో పెట్టి పోయాడు.

మేనేజరుని వెనకాల అందరూ 'స్కేలు' అంటారు. గీత దాటితే సొంత తమ్ముడినైనా ఇంటికి పంపించే రకం. ఆమె వంతు రాగానే కార్డు తీసుకుని ముందున్న నంబరు చూశాడు, వెనక చూశాడు, మళ్ళీ నంబరు చూశాడు. జాబితాలో టిక్కు పెట్టలేదు. "నువ్వుండు," అని ఆమెను పక్కన నిలబెట్టి, మిగిలిన కార్డులూ బిల్లులూ గబగబా చూసి అందరినీ పంపించేశాడు.

"ఇది ఎక్కడ కొన్నావు?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తప్పయిపోయింది సార్. మా అత్తగారి కళ్ళద్దాల కోసం నాది అమ్మేశాను. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

స్కేలు ఆమె పేరు పక్కన నెమ్మదిగా టిక్కు పెట్టాడు. నుదుటి చెమట తుడుచుకుని, కార్డు వంకే చూస్తూ కూచున్నాడు.

"ఐదింటికి పైఆఫీసువాళ్ళొచ్చి నా కార్డు కూడా చూపించమంటారు," అన్నాడు చివరికి. "ఇది నేనమ్ముకున్న కార్డే తల్లీ. ఒక్క గంట అప్పిస్తావా?"