నూట పద్నాలుగో పేజీ

"పైన చెరువుంది కదండీ, నీళ్ళెందుకు మోత?" అని బాటిళ్ళు కార్లోనే వదిలేయించాడు వెంకటరత్నం. నేనూ సరేనన్నాను. ఇద్దరం ధవళేశ్వరం కాలవ గట్టున పుట్టినవాళ్ళం. నీళ్ళు వెంట తీసుకెళ్ళడం ఎరగం.

రంపచోడవరం అవతల ఈ కొండ చెరువుకి అతన్ని పిలిచింది నేనే. ముప్పై ఏళ్ళ కిందట నా ఒకే ఒక్క నవలని పత్రికలో చీల్చి చెండాడాడు. మళ్ళీ నేను కలం పట్టలేదు. పైకెళ్ళాక, తప్పయిందని అతని నోటితోనే అనిపించాలని నా పంతం.

తీరా ఎక్కితే, ఏప్రిల్ మొదటివారానికే చెరువు నెర్రెలిచ్చింది. నడిమధ్య బురదగుంట ఒక్కటే మిగిలింది. వెంకటరత్నం చెట్టు కింద కుప్పకూలాడు. పెదాలు పాలిపోయాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు.

"రత్నంగారూ, కళ్ళు మూయకండి! దణ్ణం పెడతాను!"

మోకాలి లోతు బురదలో దిగి, తువ్వాలు తడిపి తెచ్చి అతని నోట్లో పిండాను. పలకలేదు. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి బురదలో పడి, పాక్కుంటూ వచ్చాను. పిండుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

అప్పుడు గొణిగాడు. "ఏంటండీ ఈ సాగదీత? అచ్చం మీ నవల్లో పడవ మునిగినట్టే. నూట పన్నెండో పేజీ."

"నూట పద్నాలుగండీ," అన్నాను, నాలుగోసారికి లేస్తూ.

తప్పయిందని అతను అనలేదు. నేను అడగలేదు. ఆ పుస్తకం ప్రతి ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. దాన్ని ఆఖరి పేజీదాకా చదివినవాడు ఈ భూమ్మీద ఇతనొక్కడే.