దారికొచ్చిన ప్రాక్సీ

మూడు రోజులుగా ఆఫీసు ప్రాక్సీ నా ప్రాణాలు తోడేస్తోంది. బయటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ దించుకోవాలన్నా ఆ కాపలా మిషన్ నా పాస్‌వర్డ్ చూసి ఒప్పుకోవాలి. నా పాస్‌వర్డ్‌లోని ‘@’ గుర్తే దాన్ని తికమక పెడుతోందని రాత్రి పదకొండింటికి తట్టింది. సరిచేసి ఎంటర్ కొట్టాను.

ప్యాకేజీలు జలజలా దిగాయి! ఫ్లోరంతా ఖాళీ కదా, కుర్చీలోనే గిర్రున తిరిగేశాను. సంబరం పట్టలేక, మేమంతా బాబాయ్ అని పిలిచే నెట్‌వర్క్ ఆయనకి ఫోన్ చేశాను.

“బాబాయ్, సాధించా! మీ ప్రాక్సీ దారికొచ్చింది!”

“ఏ ప్రాక్సీ అమ్మా?” అన్నాడు నిద్రమత్తులో. “రిపేరుకని సాయంత్రమే ఆపేసి, వైర్లన్నీ పీకేశాగా.”

అద్దం అవతల, ప్రాక్సీ ఉండే సర్వర్ గదిలో ఒక్క లైటూ లేదు. నా తెర మీద మాత్రం ప్యాకేజీలు దిగుతూనే ఉన్నాయి.

మరి ఇందాక నా పాస్‌వర్డ్ ఎవరు తీసుకున్నట్టు?