తొమ్మిదో ట్యూబు

"తప్పు నాదే మేడం. ఎక్కడ సంతకం చెయ్యమంటారో చెప్పండి."

ప్రయోగశాల అధిపతి చేతిలోని కాగితం మీంచి తలెత్తి, బల్లకు అవతల నిలబడ్డ టెక్నీషియన్ వంక చూసింది. సంజాయిషీ నోటీసు ఇంకా సగమే చదివి వినిపించింది. పదకొండేళ్ళుగా ఈ మనిషి ఏ తప్పూ ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిన అవసరం రానివ్వలేదనడం మరింత సరైన మాట. అర డిగ్రీ వేడి తేడా వచ్చినా ఊరుకోదని తోటివాళ్ళు ఆమెకు "తూకమ్మ" అని పేరు పెట్టారు. ఒకసారి అధిపతి లెక్కలో దొర్లిన పొరపాటును నిండు సభలో ఎత్తిచూపిందీ ఈ తూకమ్మే. ఆ రోజు నవ్విన ముఖాలన్నీ అధిపతికి ఇప్పటికీ గుర్తే.

"అంత తొందరేమిటి? ఏం తప్పు చేశారో మీ నోటితోనే చెప్పండి. వినాలని ఉంది."

"ట్యూబు కిటికీ దగ్గర ఎండలో వదిలేశాను."

అక్కడ పరిశోధన మూత్రపిండాలు దెబ్బతిన్న రోగుల రక్తం మీద. ఎర్ర రక్తకణం మామూలుగా నూట ఇరవై రోజులు బతుకుతుంది. దెబ్బ తగిలితే అంతదాకా ఆగదు. ముడుచుకుపోయి, చొక్కా తిరగేసినట్టు లోపలి పొరలోని కొవ్వును బయటికి తిప్పుకుని, తనను మింగేయమని ఒంటికి తానే కబురు పెడుతుంది. అలా తిరగబడ్డ కణాలకే అంటుకునే రంగు ఒకటుంది. రంగు అంటినవెన్నో యంత్రం చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో నూటికి ఒకటో రెండో ఉంటాయి. అంతకు మించితే రక్తహీనతకు దారి పడినట్టే.

పోల్చి చూడడానికి ఇద్దరు ఆరోగ్యవంతులను వెతికి రక్తం తీయడం టెక్నీషియన్ పని. వాళ్ళ పేర్లు ఆమెకు తప్ప మరెవరికీ తెలియకూడదన్న నియమం అధిపతి పెట్టిందే. ఈ రోజు ఆ ఇద్దరిలో ఒకరి రక్తమున్న ఎనిమిదో ట్యూబులో అంకె ఒకటి. రెండోవారి రక్తమున్న తొమ్మిదోదానిలో పంతొమ్మిది. పోలికకు పెట్టిన రక్తమే చెడితే ఏడాది శ్రమ నీళ్ళపాలు. చెడగొట్టింది టెక్నీషియనే అని తేలితే ఆమె ఉద్యోగమూ అంతే.

"ఎండలోనా?" అధిపతి కిటికీ వైపు చూపించింది. "ఎదురుగా ఆరంతస్తుల గోడ. ఈ గదిలో ఎండ పడడం నేనెరగను."

"అయితే రక్తంలో పోసే సెలైన్‌లో ఉప్పు ఎక్కువ కలిపి ఉంటాను."

"ఎనిమిదో ట్యూబుకీ ఆ సీసాలోదేగా పోశారు? దాన్ని ఏమీ చెయ్యని ఉప్పు దీని మీదే పగబట్టిందా?"

"యంత్రం చెడి ఉంటుంది."

"నిన్ననేగా మెకానిక్ సరిచూసి వెళ్ళాడు. పక్కన నిలబడి వాడి ప్రాణం తోడేసింది మీరే." అధిపతి కుర్చీ వెనక్కి జరిపింది. "వేలంపాట పాడుతున్నారా, ఒక తప్పు కాకపోతే ఇంకో తప్పని? నా పరిశోధన ముంచేసి, ఏదో చిన్న పొరపాటని చేతులు దులుపుకుందామనేగా?"

"మీరేమైనా అనుకోండి. తప్పు నాదని రాసుకోండి. ఆ ట్యూబు పారేయండి."

"పారేస్తే మీకు హాయిగా ఉంటుంది."

తొమ్మిదో ట్యూబు మనిషి నుంచే పొద్దున తీసిన ఇంకో ట్యూబు ఫ్రిజ్‌లో ఉంది. అధిపతి దాని కోసం లేవగానే టెక్నీషియన్ అడ్డం వచ్చింది.

"అది వద్దు మేడం. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ రోజే మానేస్తాను."

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ నోట బతిమాలే మాట వచ్చింది. అధిపతికి అది తీయగా వినిపించింది.

"తప్పు చేసినవాళ్ళకే ఇంత భయం. తప్పుకోండి."

కొత్త సెలైన్, కొత్త రంగు. టెక్నీషియన్‌ను గోడవారగా నిలబెట్టి, అధిపతి ప్రతి పనీ తన చేతులతోనే చేసింది. గంట తర్వాత తెర మీద అంకె వచ్చింది. పంతొమ్మిది. మళ్ళీ చేసింది. ఇరవై.

అధిపతి ఒక్కో వేలూ మడిచింది. ఎండ కాదు, ఉప్పు కాదు, యంత్రం కాదు, చేతులు కావు. అన్నీ కొట్టేశాక మిగిలింది ఒక్కటే. ట్యూబు నిజమే చెప్పింది. ఆ కణాలు చావడం మొదలుపెట్టింది మనిషి ఒంట్లోనే.

ఓడిన చిరాకుతో నోటీసును నాలుగు ముక్కలు చేసింది.

"మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. మీ ఉద్యోగం మీదే. పోయి సంబరం చేసుకోండి."

టెక్నీషియన్ నేల మీద కూర్చుని, ఆ ముక్కలు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చసాగింది.

"ఏమిటీ నాటకం? గెలిచారుగా. లేవండి. ఆ మనిషి లోపల మూత్రపిండాలో మరొకటో, పెద్దదే ఏదో మొదలైంది. ఈ రోజే డాక్టరుకు చూపించాలి. ఇప్పటికైనా పేరు చెప్పండి. ఎవరు?"

టెక్నీషియన్ చేతిలోని ముక్క కింద పెట్టింది.

"మా అమ్మాయి."