ఖాళీ గది నిశ్శబ్దం

దిల్‌సుఖ్‌నగర్ సందులోని తన రికార్డింగ్ స్టూడియోలో పట్టాభి, గాయకుడు తిరుపతి కోసం ఎదురుచూస్తున్నాడు. ధూంధాం ఆటపాటల సభకు తెలంగాణ ఉద్యమ పాట తెల్లారేసరికి అందించాలి. పొద్దున ఊరేగింపు మీద లాఠీచార్జి జరిగినప్పటి నుంచి తిరుపతి జాడ లేదు. అతని భార్య స్వప్న మలక్‌పేట దవాఖానలో కూడా వెతికి, చివరికి ఇక్కడికి వచ్చి కూర్చుంది.

"తెలంగాణ పాటకి మా ఆంధ్రావాళ్ల స్టూడియోనే దొరికిందా అని మీ ఆయన్ని ఏడిపిస్తుంటానమ్మా," అన్నాడు పట్టాభి, ఆమె దిగులు కాస్త తగ్గుతుందని.

"మీ చెవులు మంచివంట సార్. ఏడున్నా ఈడికే ఒస్తడు."

పాటకు ముందు ఖాళీ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసుకోవడం పట్టాభి పద్ధతి. ఆ పనైనా ముగిద్దామని, గాజు అవతలి పాటగది తలుపు మూసి మైకు తెరిచాడు.

హెడ్‌ఫోన్‌లో ఎవరో ఊపిరి పీల్చారు.

గాజులోంచి చూశాడు. గదిలో ఎవరూ లేరు. హెడ్‌ఫోన్ తీసి స్వప్న చేతికిచ్చాడు. వినగానే ఆమె ముఖం వెలిగింది.

"మా ఆయనే! పాటెత్తుకునే ముందు గట్లనే పీలుస్తడు. ఒచ్చిండు సార్!"

వద్దనేలోపే ఆమె పాటగదిలోకి పరుగెత్తింది. ఆమె వెనక తలుపు మూసుకుంది.

పట్టాభి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఆ ఊపిరి ఇంకా లోపలికే పోతోంది. ఏ మనిషీ అంతసేపు పీల్చలేడు.

గాజు అవతల స్వప్న మైకు ముందు నిలబడి, తలెత్తి నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె మాట ఒక్కటి కూడా మైకుకు అందడం లేదు.