ఖాళీ చేయించే సీను

"అందరూ రావాలి ధనం. ముసలాళ్లు, చంటిపిల్లలు, ఎవ్వరూ ఇంటిదగ్గర ఉండిపోకూడదు" అన్నాడు జాన్ బాబు. సినిమా షూటింగులకు జనాన్ని తీసుకెళ్లే ఏజెంటతను, ధనమ్మకు సొంత అన్న, ఉండేదీ ఆ గుట్ట మీదే. ఫిల్మ్ నగర్ గుట్ట మీది గుడిసెలవాళ్లందరికీ ఒకేసారి వేషాలిప్పించాడని ఆమె మురిసిపోయింది.

సినిమా కథ తెల్లదొరల కాలం నాటిది. కాకినాడ రేవులో ఓడెక్కిన కూలీలు కరేబియన్ దీవిలో దొర చెరకుతోటను పెంచుతారు. సముద్రపు ఒడ్డున బురదనేల పూడ్చి ఊరు కట్టుకుంటారు. ఆ నేల మీదేనని మాటిచ్చిన దొరే, తోట విస్తరించాలని వాళ్లను వెళ్లగొడతాడు.

దొర మనుషులు సెట్టులోని ఇళ్లు పడగొడుతుంటే ధనమ్మ నిజంగానే ఏడ్చేసింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం గుట్ట ఎక్కేసరికి అక్కడ ఒక్క గుడిసె కూడా లేదు. బుల్డోజరు చదును చేసిన నేల చుట్టూ ఎవరో కంచె వేస్తున్నారు.

ధనమ్మ పరుగున దిగివచ్చి, గుట్ట కిందే ఆగిపోయిన అన్న చొక్కా పట్టుకుంది. "అన్నయ్యా, మన ఇళ్లన్నీ కూల్చేశారు!"

జాన్ బాబు ఉలిక్కిపడలేదు. "మీరుంటే లాఠీలతో కొట్టేవాళ్లమ్మా. ఆ దెబ్బలు తప్పించాను" అన్నాడు.

ఆమె చెయ్యి సడలింది. "మరి నీ సామాన్లు? వదిన కుట్టుమిషను?"

అతను తల తిప్పుకున్నాడు.

"పోయిన వారమే కొంచెం కొంచెంగా మోతీనగర్‌లో అద్దింటికి చేర్చేశాం."

మొన్న ఆదివారం చర్చిలో వదిన ధనమ్మ పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది.