తడి పలక వాసన

"ఆకుపచ్చ ఆపిల్, నిమ్మతొక్క, బ్రియోష్, మినరాలిటీ..."

గిద్దలూరులో రైలెక్కినప్పటి నుంచీ శివకుమారి కాగితం చూసి అదే వల్లె వేస్తోంది.

"ఏంది పాపా, పొద్దున్నే మంత్రమా?" ఎదురు సీటు ముసలాయన అడిగాడు.

"షాంపేన్ రుచి తాతా. రేపు విజయవాడలో మా హోటల్ పరీక్ష. పాసైతే వైన్ సెక్షన్, లేదంటే మళ్లీ ప్లేట్లు మోయడమే. ఇప్పటికే రెండుసార్లు తప్పినాను. ఈసారి వదల్ను."

"బ్రియోష్ ఎప్పుడన్నా తిన్నావా?"

"లేదు. ఏదో ఫ్రెంచి రొట్టంట."

"తినని దాని రుచి ఎట్ల చెప్తావు? షాంపేన్ తాగినావా?"

"ట్రైనింగులో ఒక్క గుటక పోసినారు. మీరేదో డజన్ల కొద్దీ తాగినట్టు అడుగుతున్నారే!"

ఆయన నవ్వాడు. "నాలుక మీద మొదట ఏమొచ్చింది?"

విసుగొచ్చినా ఆలోచించింది. "పులుపు. దోర రేగ్గాయ పులుపు."

"తర్వాత?"

"సన్నటి బుడగలు. బేకరీలో అప్పుడే బన్నుల ట్రే తీసినట్టు కమ్మటి వాసన."

"చివర్లో?" ఆయన ముందుకు వంగాడు.

ఈసారి ఆమె కాగితం పక్కన పెట్టి ఆ గుటకను గుర్తు చేసుకుంది.

"కొత్త పలకను నీళ్లతో తుడిస్తే ఒక వాసనొస్తదే... అది. మినరాలిటీ అంటే అదేనేమో."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"వీటిల్లో ఏదన్నా మిగతావాటిని తొక్కేసిందా?"

"లేదు. అన్నీ సరిసమానం."

"అదే చెప్పు. ఆ కాగితం చించెయ్."

ఆయన దొనకొండలో దిగిపోయాడు. ఆమె పేరు కూడా అడగలేదు.

మర్నాడు ట్రైనర్ ఈశ్వరప్రసాద్ ఆమె ముందు షాంపేన్ సీసా, నింపిన గ్లాసు పెట్టాడు.

"సీసా మీద సంవత్సరం లేదే. నకిలీదా?"

"కాదు సార్. కొన్నేళ్ల వైన్లు కలిపి చేస్తారు. ఏ ఏడాది కొన్నా అదే రుచి ఉండాలని."

"రుచి చెప్పు."

ఒక్క గుటక తాగింది. రేగ్గాయ చెప్పింది. బన్ను చెప్పింది. తడి పలక చెప్పింది.

"ఏదీ ఇంకోదాన్ని తొక్కెయ్యలేదు సార్."

ఈశ్వరప్రసాద్ పెన్ను ఆగింది.

"పాసయ్యావు. ఆ చివరి మాట ఎవరిది?"

"రైల్లో ఒక తాతది సార్. దొనకొండలో దిగినాడు."

ఆయన గబుక్కున లేచాడు. "నతానియేలు సార్! ఆ మాట ఆయనదే, నాకు పని నేర్పిందాయనే. నాలుగేళ్లుగా వెతుకుతున్నాం. నీకు ఇంకేం నేర్పారు?"

"ఏం నేర్పలేదు సార్. అన్నీ నన్నే అడిగినాడు."

ఈశ్వరప్రసాద్ మెల్లగా కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్లు ఈ హోటల్ కొన్న ప్రతి వైనునూ రుచి చూసి ఎంపిక చేసిన మనిషి, కరోనాలో పోయిన రుచీ వాసనా ఇక తిరిగి రావని తెలిశాక ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారమ్మా."