రిఫరీ చూడలేదు

జాతీయ జట్టు ఎంపిక పోటీలో రిఫరీ ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఆమె చెయ్యి కిందికి లాక్కుంది.

“నేను గెలవలేదండీ. ఇందాక నా రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనాయి. మీరు అప్పుడు అటువైపు ఉన్నారు.”

రెండు భుజాలూ ఆనితే కుస్తీలో చిత్తయినట్టే. పాయింట్లు ఎన్ని ఉన్నా ఓటమే.

రిఫరీ తన సర్వీసులో ఇలాంటి మాట విని ఎరగడు. ఎదుటి అమ్మాయిని అడిగాడు. ఆమె నోరెళ్లబెట్టి, ఆనక అవునని తలూపింది. జాతీయ జట్టులో చోటు ఆ ఎదుటి అమ్మాయికి దక్కింది.

నిజం చెప్పిన అమ్మాయి కోచ్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లుగా ఆయన శిష్యుల్లో ఒక్కరూ ఆ జట్టుకు ఎంపిక కాలేదు. ఈసారి దొరికినట్టే దొరికి జారిపోయింది.

మర్నాడు ఉదయం శిక్షణ హాలులో ఆయన ముఖం చూసి శిష్యులంతా తలా ఒక మూలకి సర్దుకున్నారు.

ఒక మూల అప్పటికే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మ్యాట్ మీద పరిచే కాన్వాసు చిరుగులు కుట్టడానికి నాలుగు రోజుల పనికి పిలిపించిన మనిషి. చెవులు మూసేలా తలకు మఫ్లరు చుట్టుకుంటాడు. ఆయన పేరు ఎవరూ అడగలేదు.

అమ్మాయి వచ్చి కోచ్ ఎదుట నిలబడింది.

“మీ నాన్న బోధకుడైతే అది మీ ప్రార్థన మందిరంలో చూసుకోండి. ఇక్కడికి మోసుకురావద్దని చెప్పానా లేదా?”

“చెప్పారు మాస్టారూ.”

“నిన్ను అబద్ధం ఆడమన్నానా? నోరు మూసుకుని ఉంటే సరిపోయేదిగా.”

“ఇక్కడ మూసుకుంటే ఇంటికెళ్లాక తెరవాలి మాస్టారూ. రోజూ ప్రార్థనయ్యాక, ఇవాళ ఏం తప్పు చేశావని నాన్న అడుగుతారు. చిన్నప్పట్నుంచీ అంతే.”

“నిన్న ఏం చెప్పి ఏడ్చావు?”

“ఏ తప్పూ లేదన్నాను. పంతొమ్మిదేళ్లలో అలా చెప్పడం మొదటిసారి.”

మూల నుంచి చిన్న నవ్వు వినిపించింది.

“ఏంటి పెద్దాయనా?” అన్నాడు కోచ్.

“ఏం లేదు సార్. దారం తెగింది.”

కోచ్ మళ్లీ అమ్మాయి వైపు తిరిగాడు. “ఇనపమెడ సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పాను?”

లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. ఇనపమెడ అంటే కుస్తీలో తిరుగులేని చాంపియన్. నలభై ఏళ్ల కిందట, ఓడిపోతున్న ఫైనల్లో ఆఖరి క్షణాన ఒక్క పట్టుతో ఎదుటివాణ్ణి చిత్తు చేసి గెలిచిన మనిషి. ఆ కథ చెప్పని రోజు కోచ్‌కి అన్నం సయించదు.

“ఆయన కూడా నీలాగా నీతులు వల్లిస్తూ కూర్చుంటే చాంపియన్ అయ్యేవాడా? రేపట్నుంచి నువ్వు రావద్దు.”

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు కుస్తీ తప్ప మరో లోకం లేదు. ఆడపిల్లకు కుస్తీ ఏమిటని మందిరంలో అందరూ ముక్కున వేలేసుకుంటే, తండ్రి ఒక్కడే వాళ్లకి ఎదురు నిలిచి పంపించాడు. ఆమె బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, మాస్టారికి దండం పెట్టి వెళ్లిపోయింది.

ముసలాయన సూది కాన్వాసుకు గుచ్చి లేచాడు.

“ఆ పిల్లని వదులుకోకండి సార్.”

“కుస్తీ గురించి నువ్వు నాకు చెప్తావా?”

“అంతవాణ్ణి కాదు లెండి.”

“అయితే కుట్టుపని చూసుకో.”

ముసలాయన చూసుకున్నాడు. మిగిలిన రెండు రోజుల పనీ ఆ సాయంత్రానికల్లా ముగించి వెళ్లిపోయాడు. కుట్టు ఎక్కడుందో చేతికి తెలియకుండా కుట్టాడని కోచ్ మెచ్చుకున్నాడు, మనసులోనే.

నెల తిరిగింది.

ఒక ఉదయం హాలు గుమ్మంలో ఒక భారీ మనిషి చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ మెడ చూడగానే ఇనపమెడ అని కోచ్ గుర్తుపట్టాడు. చేతిలోని ఈల కింద పడేసి పరుగెత్తాడు.

“కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా గురువుగారూ. కూర్చోండి. పిల్లలకి మీ ఫైనల్ గురించి నాలుగు మాటలు...”

“అది తర్వాత. తన భుజాలు ఆనాయని తనే చెప్పిన అమ్మాయి ఎవరు?”

“తీసేశానండీ.”

“ఇప్పుడేం చేస్తోంది?”

“బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి వెళ్తోందట.”

“చోటు తెలుసుగా? పద. నా దగ్గరే ఉంచుకుని నేర్పిస్తాను. వచ్చే ఏడు మళ్లీ ఎంపికకు నిలబడుతుంది.”

ఉన్న ఒక్క మంచి శిష్యురాలినీ చేజేతులా పోగొట్టుకున్నానని కోచ్‌కి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల వంచుకుని మెట్ల వైపు దారి తీశాడు.

“ఆ అమ్మాయి సంగతి మీకు ఎవరు చెప్పారండీ?”

“మీ కాన్వాసు కుట్టిన ఆయన ఉత్తరం రాశాడు. ‘నేను పెరిగినటువంటి ఇంట్లోనే ఒక పిల్ల పెరిగింది. నువ్వు చేసింది తప్పు కాదని ఎవరో ఒకరు ఆ పిల్లకి చెప్పాలి’ అని రాశాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒకటి కోరడం అదే మొదలు.”

“ఆయన్ని ఒకసారి పిలిపిస్తానండీ. ఆ రోజు దురుసుగా మాట్లాడాను.”

“ఎక్కణ్ణించి పిలిపిస్తావు? మొన్నే గుండె ఆగి పోయాడు. సాగనంపి వస్తున్నాను.”

కోచ్ మెట్టు మీదే ఆగిపోయాడు.

“మీకు ఆయనెలా పరిచయమండీ?”

“అందరూ కథలు చెప్పుకునే ఆ ఫైనల్లో రిఫరీ నా పట్టు చూడనే లేదు; ‘నేను చిత్తయ్యాను’ అని చెయ్యెత్తి చెప్పింది నా ఎదుట ఆడిన ఆయనే.”